మాటల మర్మము: ఇన్‌ఫ్లేమబుల్



పెట్రోలు బంకులకు చమురు తెచ్చు ట్యాంకరు లారీల వెనుక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని పెద్ద యక్షరములతో వ్రాసియుండుట మీరును చూచియుందురు. మా కోటగిరిలో ఇంగ్లీషు చదువుకొనుచున్న బాలిక యొకతె యీ మాటకు ‘అంటుకొననిది’ అని యర్థము చెప్పినది. ఆమె తర్కము తీసివేయదగినది కాదు. కరెక్టునకు ముందు ‘ఇన్’ చేరిన ఇన్‌కరెక్టు, కంప్లీటునకు ముందు చేరిన ఇన్‌కంప్లీటు. ఫ్లేమ్ అనగా మంట గావున నిదియు మంట లేనిదే కావలెను గదా! కాని యర్థము తలక్రిందు: ఇట్టే అంటుకొనునది.

లాటిను భాషలో ‘ఇన్’ అను రూపములు రెండు గలవు. ఒకటి మన నఞ్ వలె లేదనునది. రెండవది ‘లోపలికి, మీదికి’ అను నర్థము గలది. మంట పెట్టుట యను లాటిను ధాతువునందున్నది ఈ రెండవదియే. ఉపసర్గల యాగడము మనకు క్రొత్త గాదు. విమలమన మలము లేనిది. అంతమాత్రమున విజ్ఞానమన జ్ఞానము లేమి యని యెవరైన జెప్పుదురా?

ఈ భ్రాంతికి ఇంగ్లీషువారే జంకిరి. ‘ఇన్’ తొలగించి ఫ్లేమబుల్ అనియే వ్రాయుడని అమెరికాలోని అగ్ని నివారక సంఘమువారు 1920 దశకమున కోరిరి. బ్రిటిషు ప్రమాణముల సంస్థ 1959లో నదే యనినది. కావున ఫ్లేమబుల్, ఇన్‌ఫ్లేమబుల్ రెండును ఒక్కటే. అంటుకొననిది నాన్‌ఫ్లేమబుల్.

మన దేశమున పాతమాటయే నిలిచినది. 1952లో పార్లమెంటు చేసిన చట్టము పేరే ఇన్‌ఫ్లేమబుల్ సబ్‌స్టెన్సెస్ యాక్టు. అపాయకరముగా మండునవని యది పేర్కొన్న వానిలో అసిటోను, ఆల్కహాలు కలవు. ఇవి మన యింటికి రానివా? గోళ్లరంగు తుడుచు ద్రావకములు పెక్కింట అసిటోను. చేతులకు రాచుకొను శానిటైజరులో ఆల్కహాలు. అసిటోను ఆవిరి గాలికన్న బరువైనది, నేలబారున ప్రాకి దూరపు మంటను అందుకొనగలదు. అగ్గిపెట్టెను పిల్లల కందని యెత్తున దాచు ఇల్లాలే యీ సీసాను పొయ్యిగట్టుపై నుంచుట చూచుచున్నాము! శానిటైజరు రాచుకొన్న చేయి పూర్తిగా ఆరిన పిదపనే దీపము వెలిగింపుడు. సీసామీది సన్నని యక్షరములను పిల్లలచే జదివింపుడు.

మాట మరపునకు రాకుండ నొక యుపాయము. గొంతు వాచి మండునపుడు డాక్టరు ‘ఇన్‌ఫ్లమేషన్’ అనును. అదియు నీ ధాతువునుండి పుట్టినదే. అచ్చట మంట లేదని రోగి యొప్పుకొనడు.