చైను శుభ్రంగా ఉన్నప్పటి లెక్క

బయట వేలాడే డిరైలర్ గేర్లే మేలనీ, హబ్ లోపలి గేర్లు మన శ్రమలో కొంత మింగేస్తాయనీ మిత్రులు వాదిస్తారు. నిజమే. కానీ ఆ కొలతలు ఎలాంటి చైనుతో? శుభ్రంగా తుడిచి నూనె వేసినదానితో. జూలై వానలో రోజూ ఆఫీసుకెళ్ళే సైకిలుకి ఆ శుభ్రం ఎన్నాళ్ళుంటుంది? హబ్‌లో పళ్ళచక్రాలకి బురద తగలదు, చైనుకి నిండా కవరు వేయొచ్చు, సిగ్నలు దగ్గర ఆగి ఉండగానే గేరు మార్చొచ్చు. ఇదేమీ కొత్త మోజు కాదు, నాటింగ్‌హాంలో పుట్టిన స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్ 1902 నాటిది. వెనక చక్రం పంచరైతే విప్పడం మాత్రం తలనొప్పే (మా వీధి షాపతను చూసి దణ్ణం పెట్టేశాడు). అయినా ఏడాది పొడవునా తొక్కేవాళ్ళకి నా ఓటు హబ్‌కే. కాదంటారా? రెండు వారాలు వానలో నానిన చైనుతో కొలిచి చూపండి, అభిప్రాయం మార్చుకుంటాను.