చపాతీకీ ఓ పాస్‌వర్డ్!

పిండి ముద్ద పెట్టి బటన్ నొక్కితే నాలుగు సెకన్లలో గుండ్రటి చపాతీ. యంత్రం చేసే పని అంతే. కానీ ఆ నాలుగు సెకన్ల వెనక ఉన్న అంకెలు ఎవరు వేస్తారు? ఎవరి దగ్గర ఉంటాయి? అసలు కథ అక్కడే ఉంది!

అన్నం తినే నేల ఇది. తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు కాలువ పారినంత మేరా, అక్కణ్నుంచి కొల్లేటి లంకల దాకా ఎటు చూసినా వరిచేలూ చేపల చెరువులే. ఇక్కడ ఒకప్పుడు చపాతీ అంటే జ్వరం తగ్గినవాళ్లకీ శనివారం ఒంటిపూట ఉండేవాళ్లకీ చేసిపెట్టే పలారం. మరి ఇప్పుడో... సాయంత్రం ఏడయ్యేసరికి కర్రీపాయింట్ల ముందు పుల్కాల కోసం నిలబడాల్సిందే. షుగరున్న పెద్దాయనకి రెండు, బరువు తగ్గాలనుకునే కోడలికి రెండు! దానికి తోడు హాస్టళ్లు. తాడేపల్లిగూడానికి 2015లో ఎన్ఐటీ వచ్చింది. ఎన్ఐటీల్లో సగం సీట్లు బయటి రాష్ట్రాలవాళ్లకే. రాత్రి కంచంలో రొట్టె లేకపోతే భోజనం చేసినట్టే అనిపించని పిల్లలు గోదావరి జిల్లాకి చదువుకోడానికి వచ్చారన్నమాట.

ఒక లెక్క వేద్దాం. 500 మంది ఉన్న హాస్టల్. మనిషికి మూడేసి చపాతీలు... 1500. చెయ్యి తిరిగిన మనిషి అరనిమిషానికి ఒకటి ఒత్తినా గంటకి 120. నలుగురు ఆడవాళ్లు పీటల ముందు కూర్చుంటే మూడు గంటల పైమాటే. అదే నాలుగు సెకన్లకొకటి నొక్కే ప్రెస్ అయితే గంటకి 900. గంటా నలభై నిమిషాల్లో పని పూర్తి. లెక్క చూడగానే యజమానికి యంత్రం మీద మనసు పోతుంది. తప్పులేదు. కానీ యంత్రం వచ్చిన వారానికే ‘ఇదివరకు చేతి చపాతీలే బాగుండేవి’ అని పిల్లలు గొణుగుతున్నారంటే మాత్రం తప్పు యంత్రానిది కాకపోవచ్చు. తెర మీద అంకెలది!

జంతికల గొట్టమే తాత

పిండిని ఒత్తే యంత్రం మనకి కొత్తేం కాదు. ప్రతి ఇంటి అటక మీదా జంతికల గొట్టం ఉంటుంది. పిండి గట్టిగా కలిస్తే రెక్కలు నొప్పెడతాయి. ‘కాస్త నీళ్లు చిలకరించవే’ అంటుంది అత్తగారు. జారుగా అయితే చక్రాలు నూనెలో చెదిరిపోతాయి. ‘గుప్పెడు పిండి కలుపు’ అంటుంది. అంటే ఏమిటి? ఒత్తే చెయ్యే కొలతలు చెప్పే సాధనం. చపాతీకీ అంతే. కర్ర కింద ముద్ద ఎలా కదులుతోందో చూసి బలం ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో మణికట్టే చూసుకుంటుంది. పక్కన కూర్చున్నవాళ్లతో కబుర్లాడుతూనే!

ప్రెస్‌కి మణికట్టు లేదు. దాని బదులు వేడి చేసిన రెండు ఇనుప పళ్లేలు, పై పళ్లేన్ని కిందికి దించే గాలి సిలిండర్, వీటన్నిటికీ ఆజ్ఞలిచ్చే ఒక చిన్న పెట్టె ఉంటాయి. ఆ పెట్టె పేరు పీఎల్‌సీ. 1968లో అమెరికాలో రిచర్డ్ మోర్లీ బృందం కార్ల ఫ్యాక్టరీల కోసం ఆలోచించిన సాధనం అది. గోడ నిండా రిలేలూ తీగలూ బిగించే బదులు, ఏది ముందో ఏది వెనకో ప్రోగ్రాంలో రాసిపెట్టడం దాని కిటుకు. కార్ల ఫ్యాక్టరీల కోసం పుట్టిన ఆ ఆలోచనే తిరిగి తిరిగి మన వంటింటికి చేరింది. దాని ముందుండే టచ్‌స్క్రీన్ మీదే మనిషి వేలు పెట్టాల్సింది.

వేడి, వేళ, మందం

తెర మీద మీటలు ఎన్ని ఉన్నా చపాతీని తేల్చేవి మూడే. పళ్లెం వేడి, నొక్కిపట్టే వేళ, పళ్లేల మధ్య మిగిలే సందు.

ముందు సందు సంగతి. 40 గ్రాముల ఉండని 18 సెంటీమీటర్ల వెడల్పుకి ఒత్తితే మందం సుమారు 1.3 మిల్లీమీటర్లు ఉంటుంది. సందు 1.5కి పెరిగిందనుకోండి, అదే ఉండ 17 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. తేడా 0.2 మిల్లీమీటర్లే! రెండు కాగితాల మందం. కంటికి కనపడదు గానీ కంచంలో తెలిసిపోతుంది. ‘చపాతీ చిన్నదైంది’ అని పిల్లలు అంటే యజమాని పిండి దొంగతనం జరుగుతోందేమోనని అనుమానిస్తాడు. అక్కడ దొంగ ఎవరూ లేరు. తప్పిన అంకె ఒకటి ఉంది, అంతే.

ఇక వేడి. మెక్సికోవాళ్లు తినే గోధుమ టోర్టియా మన చపాతీకి దగ్గర చుట్టం. దాన్ని ఒత్తే పెద్ద ప్రెస్‌లలో పళ్లెం వేడి 200 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. నొక్కేది ఒకటి, ఒకటిన్నర సెకను. ఆ క్షణంలో పైనా కిందా పల్చటి పొర కడుతుంది. తర్వాత పెనం మీదకి వెళ్లినప్పుడు లోపలి నీరు ఆవిరై, ఆ రెండు పొరల మధ్య చిక్కి చపాతీని పొంగిస్తుంది. పళ్లెం మరీ వేడిగా ఉంటే పొర ముందే బిరుసెక్కి చిట్లుతుంది. ఆవిరి ఆ చిల్లుల్లోంచి పోతుంది. చపాతీ పొంగదు. వేడి చాలకపోతే పొర కట్టదు. పిండి పళ్లేనికి అతుక్కుంటుంది.

మూడోది వేళ. చక్కగా పరుచుకున్న చపాతీ పళ్లెం లేవగానే ముడుచుకుపోతోందా? నొక్కే సమయం కాస్త పెంచి చూడొచ్చు. కానీ చాలాసార్లు జబ్బు తెర మీద కాదు, పిండి గిన్నెలో ఉంటుంది. కలిపిన వెంటనే గోధుమ పిండిలోని గ్లూటెన్ రబ్బరులా బిగుసుకుని ఉంటుంది. తడిగుడ్డ కప్పి ఇరవై, ముప్ఫై నిమిషాలు వదిలేస్తే సడలుతుంది. ‘పిండి నాననివ్వండమ్మా’ అని పెద్దవాళ్లు చెప్పింది దీని గురించే. ఆ అరగంటని మిగుల్చుకుందామని సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పడితే ఓడేది మనిషే.

ఒక నియమం పెట్టుకుంటే సగం తలనొప్పులు తగ్గుతాయి. ఒకసారి ఒక్క అంకే మార్చాలి. మార్చాక పది చపాతీలు చూడాలి. వేడీ వేళా రెండూ ఒకేసారి కదిపితే ఏది బాగుచేసిందో, ఏది పాడుచేసిందో ఎవరికీ తెలియదు.

కొల్లేటి గాలి... రోహిణి ఎండ

యంత్రం బిగించడానికి వచ్చిన కంపెనీ ఇంజినీరు ఒక రోజుండి అంకెలు వేసి వెళ్లిపోతాడు. ఆ రోజు వాతావరణానికి అవి సరిపోతాయి. మరి శ్రావణంలో? కొల్లేటి మీదుగా తేమగాలి వీచే రోజుల్లో తెరిచిన సంచిలోని పిండి గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది. నిన్నటి కొలతతోనే నీళ్లు పోస్తే ముద్ద జారవుతుంది. రోహిణి కార్తె ఎండల్లో పిండి వేడెక్కి గంటలోనే మెత్తబడి సాగిపోతుంది. గోధుమలు ఇక్కడ పండవు, పై రాష్ట్రాల నుంచి రావాల్సిందే. లోడు మారితే పిండి తాగే నీరూ మారుతుంది.

అందుకే ఈ యంత్రాల్లో చాలావాటికి ‘రెసిపీ’లు దాచుకునే వీలుంటుంది. రెసిపీ అంటే వంట విధానం కాదు, వేడి, వేళ, ఒత్తిడి లాంటి అంకెల కట్ట. ఎండాకాలానికొకటి, వానాకాలానికొకటి, మైదా కలిపిన పరోటాకి ఇంకొకటి వేర్వేరు పేర్లతో దాచిపెట్టుకుంటే, వంట మొదలెట్టేముందు ఒక్క మీటతో పిలవొచ్చు. సౌకర్యం ఉన్నా వాడుకోకపోతే లాభం లేదు.

ఇందులో కొల్లేటి పక్క చెరువుల రైతుకి తెలియని సూత్రం ఏదీ లేదు. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో మీటరు చెబుతుంది. ఏరియేటర్ల మోటార్లు ఆన్ చెయ్యడానికి సెల్‌ఫోన్ స్టార్టర్లూ వచ్చాయి. అయినా తెల్లవారుజామున చెరువు గట్టు మీదకి వెళ్లి, చేప నీటి పైకొచ్చి నోరు తెరుస్తోందేమో చూడకుండా ఉండడు. మీటరు మంచి అంకె చూపిస్తూ చేప నోరు తెరుస్తుంటే నమ్మాల్సింది చేపని! చపాతీ ప్రెస్ దగ్గరా అదే. తెర చెప్పే మాట ఒకటి, ముద్ద చెప్పే మాట ఒకటి.

అబద్ధమాడే 200

తెర నిజంగానే అబద్ధమాడుతుందా? ఆడుతుంది. పళ్లెం వేడిని కొలిచే తీగని థర్మోకపుల్ అంటారు. అందులో జె-రకం, కె-రకం అని ఎక్కువగా వాడే రకాలు రెండు. తీగ ఏ రకమో కంట్రోలర్‌కి సెట్టింగ్‌లో చెప్పాలి. ఎప్పుడో తీగ తెగి, మెకానిక్ బజార్లో దొరికిన కె-రకం వేసి, సెట్టింగ్‌ని జె-రకం మీదే వదిలేశాడనుకోండి. తెర మీద 200 అని కనిపిస్తున్నప్పుడు అసలు పళ్లెం 250 డిగ్రీలు దాటి ఉంటుంది! చపాతీ మాడితే పిండిని తిడతారు, వంటమనిషిని తిడతారు. ఆ ఒక్క సెట్టింగ్‌ని ఎవరూ చూడరు.

ఇది రుచితో పోయే సంగతి కాదు. అతుక్కోకుండా పళ్లేలకి టెఫ్లాన్ పూత వేసిన యంత్రాలున్నాయి. ఆ పూత నిలకడగా తట్టుకునేది 260 డిగ్రీల దాకానే. అది దాటితే చెడడం మొదలవుతుంది, ఇంకా పెరిగితే వచ్చే పొగ మంచిది కాదు. కాబట్టి నెలకోసారి, విడిగా ఉన్న థర్మామీటరు ప్రోబ్‌ని పళ్లేనికి ఆనించి తెర అంకెతో పోల్చుకోవడం అవసరం. అయిదు నిమిషాల పని.

రెండు చేతులూ ఎందుకు?

100 మిల్లీమీటర్ల సిలిండర్‌కి 6 బార్ల గాలి పెడితే పళ్లెం మీద పడే బలం దాదాపు 480 కిలోలు. అయిదు బియ్యం క్వింటాళ్లకి కాస్త తక్కువ! అంత బరువు, అదీ కాలుతున్న ఇనుము, చేతి మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ఇలాంటి ప్రెస్‌లకి రెండు బటన్లు పెడతారు. రెండు చేతులతో, అరసెకను తేడా లోపల రెండూ నొక్కితేనే పళ్లెం దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే పళ్లేల మధ్య ఉండవు కదా.

పని తొందరలో ఇదే అడ్డమనిపిస్తుంది. ఒక బటన్‌ని చీపురుపుల్ల గుచ్చో, టేపు అతికించో నొక్కి ఉంచేస్తే రెండో చేత్తో ఉండలు సర్దొచ్చు అనిపిస్తుంది. కొన్నిచోట్ల వైరు కలిపి జంపర్ వేసేస్తారు. కదిలే యంత్రాలకి రక్షణ కంచె ఉండాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ నుంచీ ఉన్న మాట. గంటకి యాభై చపాతీలు ఎక్కువ వస్తాయని ఆ కంచె తీసేస్తే, దాని ఖరీదు చెల్లించేది యజమాని కాదు, చెయ్యి పెట్టే మనిషి. మిగిలిన అంకెలన్నీ మార్చుకోవచ్చు. దీన్ని మాత్రం ముట్టుకోకూడదు.

తాళం ఎవరి దగ్గర?

సింగపూర్‌లో పుట్టిన రోటీమాటిక్ లాంటి ఇంటి యంత్రాలు విదేశాల్లో ఉన్న మనవాళ్ల వంటిళ్లలోనూ కనిపిస్తాయి. వాటిలో మందం, కాలే తీరు, నూనె ఎంచుకుంటే చాలు. మిగతా లెక్కలన్నీ కంపెనీ లోపల దాచేస్తుంది. వాణిజ్య ప్రెస్ అలా కాదు. లెక్కలన్నీ తెర వెనకే ఉంటాయి, కానీ తాళం వేసి. నడిపేవాళ్లకి ఒక పాస్‌వర్డ్, సూపర్‌వైజర్‌కి ఒకటి, కంపెనీ ఇంజినీరుకి మరొకటి.

తాళం ఉండాల్సిందే. ఎవరు పడితే వాళ్లు వేలు పెడితే యంత్రం మిగలదు. రక్షణకి సంబంధించినవి, థర్మోకపుల్ లాంటివి ఇంజినీరు దగ్గరే ఉండాలి. కానీ వేడి, వేళ, రెసిపీ ఎంపిక? ముద్ద పట్టుకుని చూసి ‘ఇవాళ నీళ్లెక్కువయ్యాయండీ’ అని చెప్పగలిగిన మనిషి చేతికి ఆ మూడూ అందకపోతే, ఆమెకున్న పదేళ్ల అనుభవం యంత్రం పక్కన ఊరికే నిలబడి చూస్తుంటుంది. సాధారణంగా ఆ తెరలు ఇంగ్లీషులో ఉంటాయి. దాంతో ఇంటర్ చదివిన కుర్రాణ్ని తెర ముందు నిలబెట్టి, నిన్నటిదాకా చపాతీలు ఒత్తినావిణ్ని గిన్నెలు కడగడానికి పంపేస్తారు. కుర్రాడికి అక్షరాలు తెలుసు, పిండి తెలియదు. ఆవిడకి పిండి తెలుసు, అక్షరాలు తెలియవు. నష్టపోయేది ఇద్దరూ కాదు, ముగ్గురు. తినేవాడు కూడా!

మందు ఖరీదైనదేం కాదు. ప్రతి మీట పక్కనా తెలుగు చీటీ అతికించొచ్చు. ‘వేడి’, ‘వేళ’, ‘మందం’. ఇంజినీరు వచ్చిన రోజున ఆమెనీ పక్కన నిలబెట్టి నేర్పించమనొచ్చు. మిషను కుట్టుకీ సెల్‌ఫోన్‌కీ అలవాటుపడిన చేతులు దీనికి అలవాటుపడవా?

యంత్రం ఉన్నవాళ్లు... కొనేవాళ్లు...

* బాగా కుదిరిన రోజు అంకెలన్నీ పుస్తకంలో రాసుకోండి, తెరని ఫొటో తీసుకోండి. కొన్ని పాత కంట్రోలర్లలో లోపలి బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడు దాచిన అంకెలు చెరిగిపోతాయి.

* డబ్బు కట్టేముందే పాస్‌వర్డ్‌లూ ప్రోగ్రాం కాపీ ఎవరి దగ్గరుంటాయో కాగితం మీద రాయించుకోండి.

* పరీక్ష మీ పిండితోనే, మీ నీళ్లతోనే చేయించండి. షోరూం చపాతీ ఎప్పుడూ పొంగుతుంది!

* రెండు బటన్లూ, ఎర్ర ఆపు బటనూ రోజూ పని మొదలెట్టేముందు పరీక్షించండి.

* శుభ్రం చేసేముందు కరెంటూ గాలీ రెండూ ఆపండి. కరెంటు తీసినా సిలిండర్‌లో మిగిలిన గాలి పళ్లేన్ని కదిలించగలదు.

* పుస్తకంలో తేదీ, పిండి రకం, పోసిన నీళ్లు, మార్చిన అంకె, మార్చినవారి పేరు... ఈ అయిదూ ఉంటే చాలు. ఏడాది తిరిగేసరికి అదే మీ వంటశాలకి అసలైన సాఫ్ట్‌వేర్!