బెనిఫిషియల్ అంటే వట్టి లాభమేనా?



పిల్లల ఇంగ్లీషు నోటుపుస్తకంలో ఒక పేజీ ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. ఎడమ పక్క ఒక మాట, కుడి పక్క దానికి సమానార్థాలు. బెనిఫిషియల్ అని ఉంటే ఎదురుగా అడ్వాంటేజియస్, ప్రాఫిటబుల్, యూస్‌ఫుల్, సాల్యుటరీ. కింద తెలుగులో అన్నిటికీ కలిపి ఒక్కటే: లాభదాయకం. పిల్లలు బట్టీ పడతారు, మార్కులు వస్తాయి. అల్‌హందులిల్లాహ్. కానీ ఆ పేజీ మీద నాకో శికాయత్ ఉంది. ఆ నాలుగు లఫ్జులూ ఒకటి కావు. ఆ ఫర్క్ తెలియకపోతే నష్టపోయేది మార్కుల్లో కాదు, ఇంటి హిసాబులో.

బెనిఫిషియల్ లాటిన్ నుంచి వచ్చింది. బెనె అంటే బాగా, ఫకేరె అంటే చేయడం. అంటే మేలు చేసేది. డబ్బు ఊసే లేదు అందులో. అడ్వాంటేజ్‌లో ముందుండటం అనే మాట దాగి ఉంది. ఒకడు ముందుండాలంటే ఇంకొకడు వెనకుండాలి కదా! ప్రాఫిట్ బజారు మాట, ఖర్చు పోను మిగిలింది. సాల్యుటరీలో ఉన్నది సేహత్, ఆరోగ్యం. నోటికి చేదైనా ఒంటికి మంచిది. ఇప్పుడు చెప్పండి, జ్వరానికి తాగే కషాయం ప్రాఫిటబులా? సారా కొట్టు ప్రాఫిటబులే, మరి బెనిఫిషియలా?

ఖుర్ఆన్‌లో సూరా బఖరా ఈ ఫర్క్‌నే చూపిస్తుంది (2:219). మద్యంలో, జూదంలో జనానికి కొన్ని మనాఫే, అంటే ప్రయోజనాలు, ఉన్నాయని దాచకుండా ఒప్పుకుంటుంది. వాటి గునాహ్ ఆ మనాఫే కంటే పెద్దదని కూడా అక్కడే చెబుతుంది. నఫా ఉన్నంత మాత్రాన మంచిది కాదన్నమాట.

మన ఇళ్ళలో ఈ ఫర్క్ ఎప్పటినుంచో ఉంది. మందు పనిచేస్తే ‘ఫాయిదా హువా’ అంటాం. ఫాయిదా ఇచ్చేది ముఫీద్, రెండూ ఒకే అరబీ వేరు. నఫా అంటే ఉర్దూలో ఎక్కువగా దుకాణం మాట, ఎదురుగా నుక్సాన్ కూర్చుని ఉంటుంది. అరబీలో మాత్రం దాని కడుపు పెద్దది. ఇల్మె నాఫే కోసం దువా చేసేటప్పుడు డిగ్రీ తెచ్చిపెట్టే జీతం ఒక్కటే అడగడం లేదు, మనిషికి మేలు చేసే ఇల్మ్ అడుగుతున్నాం. ఇక బర్కత్. రాత్రి గల్లాపెట్టె లెక్క చూసుకుని మా నానీ అనేది, ‘నఫా హువా, బర్కత్ నై హుయీ.’ డబ్బు వచ్చింది, నిలవలేదు, అక్కరకు రాలేదు. ఈ ఒక్క ముక్కను ఇంగ్లీషులోకి మార్చమంటే ఎంత చదివినవాళ్ళైనా రెండు నిమిషాలు ఆలోచించాల్సిందే.

అన్నిటికంటే అజీబ్ మాట ఇంకొకటుంది. ఉర్దూలో బెనిఫిషియల్‌కి పుస్తకాల మాట సూద్‌మంద్. ఫార్సీలో సూద్ అంటే లాభం, మేలు. అదే సూద్ మన నోట్లో వడ్డీ అయింది, మనకు హరామ్ అయిన వడ్డీ. అప్పిచ్చినవాడి వైపునుంచి చూస్తే అది లాభమే, అందుకే ఆ పేరు. తీసుకున్నవాడి వైపునుంచి చూస్తే? మన ఆడవాళ్ళ ఫోన్లకు రోజూ లోన్ మెసేజీలు వస్తున్నాయి, మీకు బెనిఫిషియల్ ఆఫర్ అని. అమ్మీకి ఇంగ్లీషు రాదు, చదివి చెప్పేది తొమ్మిదో క్లాసు పిల్ల. ఆ పిల్ల నోటుపుస్తకంలో బెనిఫిషియల్ అంటే లాభం. ‘అమ్మీ, మనకు లాభమంట’ అంటుంది. ఎవరికి లాభం అని అడగడం ఆ పేజీ నేర్పలేదు. నా శికాయత్ ఇదీ.

తెలుగు కూడా ఈ విషయంలో గరీబు భాష కాదు. మేలు ఉంది, హితం ఉంది, ఉపకారం ఉంది. మా కాణిపాకం చుట్టుపక్కల మామిడి రైతు నోట ‘లాభదాయకం’ నేనెప్పుడూ వినలేదు. ఆయన మాట గిట్టుబాటు. 2025లో తోతాపురి ధర పడిపోయి, చిత్తూరు జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, సర్కారు 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. కాగితం మీద అది రైతుకు బెనిఫిట్. రైతు మాత్రం కోత కూలీ, బండి బాడుగ, గేటు ముందు కాపలా కాసిన రోజులు అన్నీ కలుపుకుని గిట్టుతుందా గిట్టదా అని చూస్తాడు. చెమటకు తగ్గట్టుందా అని అడిగే మాట అది. ఇంగ్లీషు నోటుపుస్తకంలో దానికి గడి లేదు.

మా ఊరి పేరులోనే ఒక మేలు ఉంది. కాణి అంటే మాగాణి, పాకం అంటే నీళ్ళు పారడం అని చెబుతారు. పొలంలోకి నీళ్ళు పారడం కంటే బెనిఫిషియల్ ఇంకేముంటుంది! ఇక్కడి గుడి సత్యప్రమాణానికి పేరుపడింది. తగాదా తేల్చుకోవడానికి వచ్చేవాళ్ళుంటారు, తాగుడు మానేస్తానని ఒట్టు పెట్టుకోవడానికి వచ్చేవాళ్ళుంటారు. మన అఖీదా వేరు, అది అలా ఉంచండి. కానీ ఆ ఒట్టు నిలబెట్టుకున్నవాడి ఇంట్లో బియ్యం డబ్బా నిండుతుంది, సారా కొట్టువాడి గల్లా తగ్గుతుంది. ఒకే పని ఒకరికి ముఫీద్, ఇంకొకరికి నుక్సాన్.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన పిల్లలు కొందరు క్లాసులో ఫాయిదా అనడానికి సిగ్గుపడుతున్నారు, అది ‘తురకమాట’ అని ఎవరో నవ్వుతారని. పింఛను లిస్టుల్లో, ఇళ్ళ పట్టాల లిస్టుల్లో రాసే లబ్ధిదారు అనే మాటను విప్పి చూపించండి వాళ్ళకు. లబ్ధి సంస్కృతం, దారు ఫార్సీ. వాటాదారు, చందాదారు, వినియోగదారు, అన్నిటి తోకా అదే. రైతు, హక్కు, వసూలు, ఖర్చు, రాజీ, ఖరారు కూడా అరబీ ఫార్సీల నుంచే వచ్చాయి. కడపలో పనిచేసిన బ్రౌన్ దొర 1854లో తెలుగులో కలిసిపోయిన ఇలాంటి మాటలకు విడిగా ఒక లుగత్ అచ్చు వేయించాడు. నవ్వేవాడు కూడా రోజుకు పాతిక సార్లు ఈ మాటలే వాడుతుంటాడు, పాపం వాడికి తెలియదు.

కాబట్టి నోటుపుస్తకంలో ఆ పేజీ కనిపిస్తే కొట్టేయమనడం లేదు, పరీక్ష పరీక్షే. రాత్రి అన్నాల దగ్గర మాత్రం పిల్లల్ని నాలుగు ప్రశ్నలు అడగండి. కషాయం దేనికి చెందుతుంది, నఫాకా ఫాయిదాకా? లోన్ మెసేజీలో బెనిఫిట్ ఎవరిది? ఆన్‌లైన్ రమ్మీలో గెలిచిన వంద రూపాయల్లో బర్కత్ ఉంటుందా? మామిడికి 12 రూపాయలు గిట్టుబాటా? నాలుగింటికీ ‘లాభం’ అనే ఒక్క జవాబు రాయొద్దనండి.

పలమనేరు, మదనపల్లె, పుంగనూరు వైపు ఖాందాన్‌లలో మేలుకు ఇంకేదైనా మాట వాడుతుంటే నాకు చెప్పండి. మా నానీ నోట్లో ఇంకొకటి ఉండేది, సరిగ్గా గుర్తు రావడం లేదు. బావి నీళ్ళ గురించి మాట్లాడేటప్పుడే అనేది.