కంప్యూటరు కబుర్లు: పన్నెండుమంది కూలీలు, ఒక మేస్త్రి

పాత సంచికలన్నీ స్కాను చేయడం పూర్తయిందని క్రితం నెల రాశాం. అప్పటినుంచి "మరి చదవనిచ్చేదెప్పుడు?" అని ఒకటే ఫోన్లు. వారిలో ఒకాయన మాట మాత్రం మేము తోసిపుచ్చలేకపోయాం. డెబ్భైలలో స్టెన్సిలు మీద ఇనప కలంతో రాసి, బేస్‌మెంటులో సైక్లోస్టైలు తిప్పి, పిల్లల చేత పిన్నులు కొట్టించిన పెద్దాయన. ఇప్పుడాయనకు చూపు బాగా తగ్గింది. "నా రాత నాకే ఆనడం లేదు. కాస్త పెద్దగా, తేటగా చూపిస్తే ఈ చలికాలంలో చదువుకుంటాను" అన్నారు.

స్కాను చేసినంత మాత్రాన తేటపడదు. కాగితం ఎర్రబారింది. వెనక పేజీ సిరా ఇటువైపు దిగింది. ఒక్కో పేజీ నీడ తీసి, వంకర సరిచేసి, అక్షరాన్ని నలుపు చేయాలి. తర్వాత కాలంలో ప్రెస్సులో అచ్చయిన సంచికలకైతే అదనంగా టెస్సరాక్ట్ అనే ప్రోగ్రాముతో తెలుగు అక్షరాలు చదివించవచ్చు. చేతిరాతను అది చదవలేదు. మొత్తం 2,400 పేజీలు. పేజీకి నిమిషం వేసుకున్నా 40 గంటలు. పోనీ రెండు రోజులే కదా అంటారేమో. నీడ కాస్త ఎక్కువ తీశామని, ఒత్తులు ఎగిరిపోయాయని తెలిసిన ప్రతిసారీ మళ్ళీ 40 గంటలు!

అందుకని మన సభ్యుల ఇళ్ళలో మూలపడ్డ లాప్‌టాపులు నాలుగు తెచ్చి, లినక్స్ ఎక్కించి, అన్నింటినీ ఒకే పనిలో పెట్టాం. ఇది మేము కనిపెట్టిన విద్య కాదు. 1994లో నాసా వారి గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు ప్రాసెసర్లను ఈథర్‌నెట్‌తో కలిపి బేవుల్ఫ్ అని పేరుపెట్టారు. మేము వాడింది జూలియా అనే భాష. 2012లో బయటికొచ్చింది. దాన్ని తయారుచేసిన నలుగురిలో విరల్ షా మన దేశస్థుడే.

పద్ధతి మన ఊళ్ళో నాట్ల పని లాంటిదే. ఒక యంత్రం మీద మేస్త్రి ఉంటాడు. మిగతా యంత్రాల మీద వర్కర్ ప్రాసెస్‌లు, అంటే కూలీలు. ఏ యంత్రం మీద ఎందరు కూలీలో ఒక చీటీలో రాసివ్వాలి. మా నాలుగింటిలో రెండు నాలుగు కోర్లవి, రెండు రెండు కోర్లవి. కాబట్టి పన్నెండుమంది.

మేస్త్రి ప్రతి యంత్రంలోకీ ఎస్సెస్సెచ్ ద్వారా వెళ్ళి కూలీని లేపుతాడు. పాస్‌వర్డు అడిగితే చెప్పడానికి ఎవరూ ఉండరు కాబట్టి తాళం ఏర్పాటు కావాలి. తాళంకప్పలు ఇంటింటికీ పంచండి, చెవి మాత్రం మేస్త్రి దగ్గరే ఉంచండి. మా కుర్రవాడొకడు చెవినే అందరికీ ఈమెయిలు చేయబోతే ఆపాం. ఇదంతా ఇంటి నెట్‌వర్కులోపలే చేసుకోవాలి. కూలీల మధ్య మాటలు రహస్య లిపిలో వెళ్ళవు.

మొదటి రాత్రి ఒక్క కూలీ కూడా నిలవలేదు. లేవడం లేస్తున్నాడు, 60 సెకన్లు ఎదురుచూసి, మేస్త్రి కబురు రాక పోతున్నాడు. కారణం ఆయా యంత్రాల ఫైర్‌వాలు. ఎస్సెస్సెచ్ తలుపు తెరిచి ఉన్నా, కూలీ కూర్చున్న కిటికీ వేరు, అది మూసి ఉంది. ఎస్సెస్సెచ్ సొరంగం గుండానే మాట్లాడుకోమని ఒక మాట చేర్చాక దారిలోకొచ్చింది. ఇంకో సంగతి: ఏమీ చెప్పకపోతే కూలీలు తమలో తాము కూడా జతలు కలుపుకోగలరు. పన్నెండుమందికి 66 జతల దాకా! మా పనిలో వాళ్ళకు ఒకరితో ఒకరికి అవసరమే లేదు. మేస్త్రితోనే మాట్లాడండి అని కట్టడి చేశాం.

రెండో రాత్రి పని నడిచింది గాని మేము ఆశించినంత జోరు లేదు. తీరా చూస్తే, ప్రతి కూలీ పిలిచిన టెస్సరాక్ట్ తనవంతు మరో నాలుగు పోగులు తీస్తోంది. నాలుగు కోర్ల యంత్రం మీద పదహారు మంది తోసుకుంటున్నారన్నమాట. ఓఎంపీ థ్రెడ్ లిమిట్ అనే అమరికను ప్రతి యంత్రం మీదా 1 చేస్తేగాని ఆ రద్దీ తగ్గలేదు. కూలీలను ఇంకా పెంచుదామన్న మా ఉత్సాహం అక్కడితో చల్లారింది.

మూడో రాత్రి నిశ్చింతగా పడుకున్నాం. పొద్దున చూస్తే పనంతా ఆగి ఉంది. చెడిపోయిన ఫైలు ఒకటి తగలగానే మొత్తం నాట్లు ఆగిపోయాయి. పీమ్యాప్ అనే ఆ పంపకం పద్ధతి తీరే అంత: తప్పొస్తే ఏంచేయాలో ముందే చెప్పకపోతే అందరినీ ఆపేస్తుంది. "ఆ పేజీ పేరు రాసిపెట్టి తర్వాతది తీసుకో" అని చెప్పాలి. దాని మంచిగుణం కూడా చెప్పాలి. పేజీలు ముందే సమానంగా పంచదు, ఎవరి చేయి ఖాళీ అయితే వారికి ఇంకొకటి ఇస్తుంది. ముసలి లాప్‌టాపు కోసం కొత్తది కాచుకుని కూర్చోనక్కర్లేదు.

పేజీలను వైఫై మీద మోయించడం దండగ. ఒక్క రంగుల పేజీ 300 డీపీఐలో, కుదించకపోతే, 25 మెగాబైట్లు. జేబులో పెన్‌డ్రైవు వేసుకుని అన్ని యంత్రాలకూ ముందే కాపీ చేశాం. మేస్త్రి పేజీ నంబరు మాత్రం చెబుతాడు.

ఇంత చేసినా పన్నెండు రెట్ల వేగం రాలేదు. ఉగాది వంటలు గుర్తుచేసుకోండి. కూరలు తరగడానికి పదిమంది ఉన్నా పులిహోర తిరగమోత ఒక్క పొయ్యిమీదే. 1967లో జీన్ ఆమ్డాల్ ఈ లెక్కే చెప్పారు. పనిలో పదోవంతు ఒకరే చేయవలసినదైతే, పన్నెండుమందితో ఆరు రెట్లు కూడా అందదు. మాకు ఆ పదోవంతు ఏదంటే, చివర పేజీలను వరుసలో పెట్టి పుస్తకం కట్టడం.

మొదటి సంచిక పెద్దక్షరాల్లో తీసి పెద్దాయనకిచ్చి వచ్చాం. ఆ రాత్రే ఫోను: "మూడో పేజీలో ఒక ఒత్తు లేదు. మీ యంత్రం తినలేదు, అప్పుడు నేనే వదిలేశాను. దిద్దకండి."

ఇంకా సగం పైగా సంచికలు మిగిలాయి. పాత లాప్‌టాపు ఇవ్వదలచిన వారు వచ్చే ఆదివారం పిల్లల తెలుగు తరగతికి వచ్చేటప్పుడు తెండి. చార్జరు మరిచిపోవద్దు. మూత వేసినా నిద్రపోకుండా అమరిక మార్చి మరీ ఇవ్వండి. క్రితంసారి ఒకరింట్లో ఎవరో దుమ్ము పడుతుందని మూత వేశారు, నలుగురు కూలీలు తెల్లవార్లూ నిద్రపోయారు.