గురువు లేని ఆదివారం

ఈసారి వడ్డీలూ, పొదుపు పథకాలూ పక్కన పెడుతున్నాను. ఒక ఉత్తరానికి జవాబు వెతికే పనిలో పడ్డాను మరి.

యానాం దాటి గౌతమి పాయ వెంట సముద్రం వైపు వెళితే దరియాలతిప్ప వస్తుంది. వేటకెళ్లే పడవలూ, ఆరేసిన వలలూ ఉన్న ఊరు. నేను ఆ ప్రాంతంలో ఉద్యోగం చేసిన రోజుల్లో పరిచయమైన ఒక కుర్రవాడు ఇప్పుడు గల్ఫులో పనిచేస్తున్నాడు. కతోలిక కుటుంబం. యానాంలో ఫ్రెంచివారి కాలం నాటి సెయింట్ ఆన్స్ గుడిలో జ్ఞానస్నానం పొందినవాడు. వాళ్ల క్యాంపుకి చర్చి చాలా దూరం. నెలకొక్కసారి వెళ్లగలిగితే గొప్ప. మిగతా వారాల్లో గదిలోనే పదిమందీ కూడి ప్రార్థన చేసుకుంటారు. వారిలో ఒకాయన ఊళ్లో ఉపదేశిగా చేసినవాడు. పూజ మాటలన్నీ ఆయనకు కంఠస్థం. "ఆయన చేతే రొట్టె, ద్రాక్షరసం ఆశీర్వదించుకుంటే చెల్లుతాదాండీ మేనేజరు గారూ?" అని అడిగాడు. బ్యాంకువాణ్ణి గనుక చెల్లేదీ చెల్లనిదీ తెలుస్తుందనుకున్నాడు కాబోలు!

నేను కతోలికుణ్ణి కాను. తెలిసినవారిని అడిగి, చదివి చెబుతున్నాను. కతోలిక విశ్వాసం ప్రకారం అది చెల్లదు. గురుపట్టాభిషేకం పొందిన గురువు మాత్రమే దివ్యబలిపూజ చేయగలడని 1215లో లాటరన్ మహాసభ చెప్పింది. 1983 నాటి చర్చి చట్టం 900వ నిబంధన కూడా అదే అంటుంది. అత్యవసరమైనా సంఘం తనంతట తాను ఒకరిని నియమించుకుని పూజ చేయించుకోరాదని రోము 1983లోనే మరోసారి స్పష్టం చేసింది.

డిమాండు డ్రాఫ్టు తీసుకోండి. ఫారం అదే, అంకెలు అవే, సిరా అదే. అధికారం లేనివాడు సంతకం పెడితే, ఖాతాదారులందరూ ఏకగ్రీవంగా తీర్మానించినా సొమ్ము రాదు. గురువు సంఘం ప్రతినిధిగా కాక క్రీస్తు స్థానంలో నిలబడి ఆ మాటలు పలుకుతాడని వారి నమ్మకం. ఆ అధికారం అపొస్తలుల నుంచి మేత్రాణుల చేతుల మీదుగా రావాలి. అయితే మా పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. రిటైరైన మర్నాడే మా సంతకానికి విలువ పోతుంది, పట్టాభిషేకం ముద్ర మాత్రం చెరగదట. పదవి నుంచి తప్పించిన గురువు చేసిన పూజ కూడా సక్రమం కాకపోయినా చెల్లుతుంది. గురువు పాపి అయినా సరే. ఆఫ్రికాలో డొనాటిస్టులతో అగస్టీను వాదించిన నాటి నుంచీ ఇదే మాట.

ఇది కొత్త చిక్కేమీ కాదు. కొరియాలో క్రైస్తవం మొదలైందే గురువులు లేకుండా. 1784లో యీ సుంగ్ హున్ అనే యువకుడు పెకింగులో జ్ఞానస్నానం పొంది, తిరిగొచ్చి తనవాళ్లకు తానే ఇచ్చాడు. రెండు మూడేళ్లలో వాళ్లు తమలోంచే కొందరిని గురువులుగా ఎన్నుకుని పూజలు చేసుకున్నారు, పాపసంకీర్తనాలు విన్నారు. మోసం చేద్దామని కాదు, భక్తితోనే. తర్వాత పుస్తకాలు చదువుతుంటే వాళ్లకే అనుమానం వచ్చింది. పూజలు ఆపి పెకింగు మేత్రాణికి రహస్యంగా ఉత్తరం పంపారు. మీ జ్ఞానస్నానాలు చెల్లుతాయి, పూజలు చెల్లవు అని 1790లో జవాబు. విన్నారు. 1794 చివర చైనా నుంచి ఝౌ వెన్‌మో అనే గురువు వచ్చేదాకా ఎదురుచూశారు. అప్పటికి విశ్వాసులు వేలల్లో ఉన్నారు. ఆయన 1801లో హతసాక్షి అయ్యాడు. జపానులోనైతే గురువు లేకుండా రెండు వందల ఏళ్లకు పైగా గడిపారు, 1865లో నాగసాకిలో ఫ్రెంచి గురువు కనిపించేదాకా. వారి దగ్గర మిగిలింది జ్ఞానస్నానమూ, ప్రార్థనలూ.

మన కుర్రవాడికి దారి లేకపోలేదు. అత్యవసరంలో జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వవచ్చు. వాక్యం చదువుకుని ప్రార్థించవచ్చు. గురువులేని ఆదివారాల కోసం రోము 1988లో ప్రత్యేక మార్గదర్శకాలే ఇచ్చింది. దూరపు చర్చిలో గురువు ముందే ఆశీర్వదించిన సత్ప్రసాదాన్ని, అనుమతి పొందిన గృహస్థు తెచ్చి పంచవచ్చు. 1973 నుంచి ఆ ఏర్పాటుంది. ఆ ఉపదేశి గారికి అలాంటి అనుమతి ఇప్పించమని ఆ చర్చి గురువును అడగమని రాశాను. కాకినాడ వైపు బాప్టిస్టు మిత్రులు ఈ రొట్టెను జ్ఞాపకార్థమని భావిస్తారు గనుక వారి లెక్క వేరు. ఒకరి లెక్క మరొకరి పుస్తకంలో వేస్తే కుదరదు.

ఇంతకీ ఆకలి మాత్రం నిజమే కదండీ. అమెజాను అడవుల్లో కొన్ని ఊళ్లకు నెలల తరబడి, ఒక్కోచోట ఏడాది దాకా గురువు రాడు. పెళ్లయిన పెద్దమనుషులకైనా పట్టాభిషేకం ఇవ్వండని 2019 సభలో మేత్రాణులు కోరారు. 2020 నాటి పత్రంలో పోపు ఫ్రాన్సిస్ దానికి అవునని అనలేదు. అక్కడ కూడా గురువు కావాలనే అడిగారు, గురువు లేకుండా కానివ్వమని ఎవరూ అడగలేదు.