ఓటేసినంత మాత్రాన ఒప్పుకున్నట్టేనా?

2024 డిసెంబర్ 26న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన కొరియన్ సిరీస్ ‘స్క్విడ్ గేమ్’ రెండో సీజన్ మీద చాలామంది చేసిన ఫిర్యాదు ఒకటే. ఏడు ఎపిసోడ్లలో ఆటలు తక్కువ, ఓటింగులు ఎక్కువ అని. నిజానికి ఈ సీజన్ బలమంతా ఆ ఓటింగుల్లోనే ఉంది. డబ్బు కోసం ఈ ప్రాణాంతకమైన ఆటలు ఆడేవాళ్లు తమ ఇష్టంతోనే చావుకు సిద్ధపడ్డారని నిర్వాహకులు మొదటినుంచీ చెప్పుకునే మాట ఎంత బూటకమో దర్శకుడు హ్వాంగ్ డాంగ్‌హ్యూక్ వాటిలోనే బయటపెట్టాడు.

2021 నాటి తొలి సీజన్‌లో మెజారిటీ వద్దంటే ఆట ఆగిపోయేది, కానీ బతికినవాళ్లకు పైసా దక్కేది కాదు. ఈసారి ప్రతి ఆట తర్వాతా ఓటు ఉంది. ఆపేస్తే అప్పటిదాకా పోగైన సొమ్మును సమానంగా పంచుకుని ఇంటికి పోవచ్చు. వినడానికి ఉదారమైన నిబంధనే. అయితే ఆ సొమ్ము పోగయ్యేది చావులతో, ఒక్కో ప్రాణానికి పది కోట్ల వాన్ల లెక్కన. మొదటి ఆటలో 91 మంది పోయాక మిగిలిన 365 మందికి తలా దాదాపు రెండున్నర కోట్ల వాన్లు వస్తాయి. మూడో ఆట అయ్యేసరికి మిగిలింది వంద మంది, తలా వాటా 35.6 కోట్లు. పక్కవాడు చచ్చినకొద్దీ తన వాటా పెరిగే లెక్కను మనిషి ముందు పెట్టి, ఇప్పుడు స్వేచ్ఛగా నిర్ణయించుకో అంటున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. అంత డబ్బు చేతికొస్తున్నా ఆ వంద మందిలో యాభై మంది ఆడదామనే అన్నారు, అది దురాశ కాదా? దురాశ ఉంది, దర్శకుడూ దాన్ని దాచలేదు. కానీ 100వ నంబరు ఆటగాడి అప్పే వెయ్యి కోట్ల వాన్లు. అతనికి ఆ వాటా ఏ మూలకు? పైగా దురాశ ఆ యాభై మందిదే అనుకున్నా, మిగతా యాభై మంది సంగతేమిటి? వెళ్లిపోతామన్నవాడు ఒంటరిగా వెళ్లడానికి వీల్లేదు. తొలి ఓటింగులో 183 మంది ఆడదామన్నందుకు, వద్దన్న 182 మందీ మళ్లీ బరిలోకి దిగాల్సి వచ్చింది. తన ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు మనిషికి ఉందని వాదించవచ్చు. ఇంకొకరి ప్రాణాన్ని పెట్టే హక్కు ఏ మెజారిటీకీ లేదు. ఆ ఒక్క ఓటు తేడా తెచ్చింది కూడా చివర్లో మీట నొక్కిన 001, అంటే ఆటగాడి వేషంలో లోపల కూర్చున్న, ఆటలను నడిపే ఫ్రంట్ మ్యాన్. తొలి సీజన్‌లో 101–100తో ఆట ఆగినప్పుడూ ఆఖరి ఓటు 001దే, ఆ ముసలాయన ఆట యజమాని. ఆపినా, సాగించినా నిర్ణయం యాజమాన్యానిదే.

ఇలా చూపిస్తే జనానికి ఓటు మీదే నమ్మకం పోదా అని అడిగేవారున్నారు. ఈ సీజన్ విడుదలకు మూడు వారాల ముందే దక్షిణ కొరియాలో జరిగింది గుర్తుచేసుకోవాలి. డిసెంబర్ 3 రాత్రి అప్పటి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక పాలన ప్రకటిస్తే, కొందరు సభ్యులు గోడలు దూకి మరీ జాతీయ అసెంబ్లీలోకి వెళ్లారు. హాజరైన 190 మందీ దాన్ని ఎత్తేయాలని ఓటేశారు. అదీ ఓటే. పౌరుల హక్కులను కాపాడటానికి వేసిన ఓటుకూ, ఎవరు చావాలో తేల్చే ఆటకు ఆమోదముద్ర కొట్టే ఓటుకూ పోలిక లేదు. సిరీస్ నిలదీసింది రెండోదాన్నే.

లోపాలు లేవని కాదు. కథను సగంలో తుంచి మూడో సీజన్‌కు వదిలేయడం ప్రేక్షకుడికి అన్యాయమే. కథానాయకుడు గి-హున్ తిరుగుబాటు కూడా తొందరపాటుగా నడిచి, స్నేహితుడు జంగ్-బే చావుతో ముగుస్తుంది. అయినా ఈ సీజన్ మొదటిదానికి నకలు అన్న మాటను నేను ఒప్పుకోను. ఇంకా చూడనివాళ్లకు నా విన్నపం: ఓటింగ్ సన్నివేశాలను ముందుకు జరపకండి, ఎవరు ఏ మీట నొక్కారో, ఆ తర్వాత ఎవరు చనిపోయారో గమనిస్తూ చూడండి.