ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

కథలనూ నవలలనూ అంతర్జాలంలో ఉచితంగా పెడుతున్న రచయితలను గురించి రెండు రకాల మాటలు వింటున్నాను. “ఊరికే వచ్చినదాన్ని ఎవరూ గౌరవించరు, వీళ్లు సాహిత్యం విలువ దించుతున్నారు” అని కొందరంటారు. “ప్రచురణకర్త పీడ వదిలింది, సాహిత్యం ప్రజలపరమైంది” అని మరికొందరు సంబరపడతారు. మొదటివారు ధరనే విలువ అనుకుంటున్నారు. రెండోవారు ఉచితాన్నే స్వేచ్ఛ అనుకుంటున్నారు. ఈ రెండు వాదాలనూ పరీక్షించటం అవసరం.

ధర ఉంటేనే గౌరవం అన్నది అంగడి న్యాయం. వేమన పద్యానికి ఎవరు వెల కట్టారు? బ్రౌను 1829లో అచ్చువేసేనాటికే ఆ పద్యం జనం నోళ్లలో ఉన్నది. పోనీ, ధరవల్ల తెలుగు రచయితకు ఒరిగిందేమిటి? కథాసంపుటి వేసేవారిలో చాలామంది కాగితం, అచ్చు ఖర్చులు తామే భరించి, ప్రతులను మిత్రులకు పంచి, మిగిలినవి అటకమీద పెట్టుకుంటున్నారు. ఇది ఈ పత్రిక పాఠకులకు నేను కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు. అమ్ముడుపోని సరుకుకు కాపలా కాయటాన్ని సాహిత్యగౌరవం అనుకోవటం విడ్డూరం.

ఇక రెండోవారి సంబరం. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాట. ఆ చిక్కు విప్పటానికి సాఫ్టువేరు ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ ఏళ్లతరబడి వివరణలు ఇచ్చుకోవలసి వచ్చింది. మనకు రెండు మాటలున్నా రెంటినీ కలగాపులగం చేస్తున్నాం. కంపెనీవారి యాప్‌లో కథ పెట్టిన రచయిత పాఠకుడినుంచి పైసా తీసుకోడు, నిజమే. కాని ఆ కథను ప్రతులు తీసి అందరికీ పంచటానికిగాని, మరొక భాషలోకి మార్చటానికిగాని పాఠకుడికి హక్కు లేదు. కంపెనీ మాత్రం కథ పక్కన ప్రకటనలు వేసుకోవచ్చు, రేపు చందా పెట్టవచ్చు, ఎల్లుండి దుకాణం మూసివేయవచ్చు. కథ దానితోబాటే పోతుంది. నేల కంపెనీది, సేద్యం రచయితది, పంట మళ్లీ కంపెనీది. ఇటువంటి చాకిరీకి మన పల్లెల్లో పాత పేరొకటి ఉన్నది: వెట్టి.

బహిరంగ లైసెన్సు పద్ధతి దీనికి భిన్నమైనది. క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002 డిసెంబరులో వెలువరించిన లైసెన్సులు రచయిత హక్కును రద్దు చెయ్యవు. ఆ హక్కుమీదనే నిలబడి పాఠకలోకానికి రాతపూర్వకంగా అనుమతి ఇస్తాయి. రచయిత పేరు చెప్పి తీరాలి. ఆపైన వ్యాపారానికి వాడరాదనీ, మార్పులు చెయ్యరాదనీ, లేదా మార్చినదాన్ని ఇదే షరతుమీద పంచాలనీ రచయిత కోరవచ్చు. షరతులు పాటించినంతకాలం, ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకోవటానికి వీల్లేదు.

ఈ షరతుల్లోనే అసలు రాజకీయం ఉన్నది. కెనడాలో పుట్టిన కొరీ డాక్టరో తన మొదటి నవల ‘డౌన్ అండ్ ఔట్ ఇన్ ది మ్యాజిక్ కింగ్‌డమ్’ను 2003 జనవరిలో అచ్చుప్రతితోబాటే ఇలా విడుదల చేశాడు. మొదట మార్పులు చెయ్యరాదన్నాడు. 2004 ఫిబ్రవరిలో ఆ షరతు తీసివేసి, మార్చినదాన్ని అదే షరతుమీద పంచుకోండన్నాడు. ఇది చిన్న తేడా కాదు. మార్పులు చెయ్యరాదంటే అనువదించి పంచరాదని అర్థం. గోర్కీ ‘అమ్మ’ను తెలుగులోనే చదువుకున్న మనం, మన కథలను ఒక గోండు యువకుడో ఒడియా యువతో తమ భాషలోకి తెచ్చుకుంటే అడ్డుపడదామా?

ఇటలీలో ఇంకా ముందే, 1999లో, లూథర్ బ్లిసెట్ అనే ఉమ్మడి పేరుతో కొందరు రాసిన ‘క్యూ’ నవల ఎయినౌడీ అనే పెద్ద ప్రచురణ సంస్థనుంచి వచ్చింది. వ్యాపారానికి కాకుండా ఎవరైనా కాపీ చేసుకోవచ్చునని ఆ పుస్తకంలోనే అచ్చువేశారు. తరవాత వూ మింగ్ అని పేరు మార్చుకున్న ఆ బృందం ఆ పద్ధతినే కొనసాగించింది. ప్రచురణకర్త ఉన్నా పాఠకుడి స్వేచ్ఛ సాధ్యమే అన్నమాట.

“మరి రచయిత ఏం తిని బతకాలి?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఉచితప్రతి చదివి అచ్చుప్రతి కొనే అంగడి డాక్టరోకు ఉన్నది, మనకు లేదు. కాంట్రాక్టు లెక్చరరును పట్టుకుని “నీ నవల దానం చెయ్యి” అనటం అభ్యుదయం కాదు. ఒకరి శ్రమను లోకమంతా అనుభవించేటప్పుడు ఆ శ్రమకు లోకమే ప్రతిఫలం ఇవ్వాలి. ఇందుకు ఉదాహరణ పొరుగునే ఉన్నది. 1949లో మద్రాసు ప్రభుత్వం సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులు తీసుకున్నది. తరవాత అవి ప్రజలపరమయ్యాయి. తమిళనాడు ప్రభుత్వం ఆ తరవాత అనేకమంది రచయితల వారసులకు డబ్బు చెల్లించి వారి రచనలను జాతీయం చేసింది. మనకు 1960నాటి గ్రంథాలయ చట్టం ఉన్నది. ఆ చట్టం కింద ఇంటిపన్నుతోబాటు సెస్సు వసూలవుతూనే ఉన్నది. ఆ సొమ్ములో ఒక పాలు, బహిరంగ లైసెన్సుతో రచనలిచ్చిన రచయితలకు ఎందుకు చెల్లించరాదు?

వారసుల మాట వచ్చింది కనక మరొకటి. 1957నాటి చట్టం ప్రకారం రచయిత పోయిన తరవాత కూడా 60 ఏళ్లు హక్కు నడుస్తుంది. చలం 1979లో పోయారు, శ్రీశ్రీ 1983లో పోయారు. వారు జీవించి ఉండగా వెలువడిన రచనలకు ఈ లెక్కన గడువు 2039, 2043 సంవత్సరాల ఆఖరుదాకా ఉన్నది. పేరులేని కథకుడి గతి ఇంతకన్న అన్యాయం. అతని హక్కుదారు ఎక్కడ ఉన్నాడో తెలియక పుస్తకం మళ్లీ అచ్చుకాదు. హక్కు మాత్రం భద్రంగా ఉంటుంది, చదివేవాడే ఉండడు. బతికి ఉన్నప్పుడు రాసిపెట్టిన నాలుగు వాక్యాలు ఈ దుస్థితిని తప్పిస్తాయి. హక్కును పూర్తిగా వదులుకోదలచినవారు బహిరంగ ప్రకటనతో ఆ పని చెయ్యటానికి 2012 సవరణ వీలు కల్పించింది.

కనక రచయితల సంఘాలకు నా ప్రతిపాదనలు రెండు. సంఘం ప్రచురించే ప్రతి పుస్తకమూ, మొదటి ముద్రణ ఖర్చులు వచ్చినవెంటనే, రచయిత అంగీకారంతో, అనువాదానికి అడ్డులేని బహిరంగ లైసెన్సుమీద వెలువడాలి. గ్రంథాలయ సెస్సులో రచయిత వాటాకోసం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సంఘాలు ఆందోళన సాగించాలి. మొదటిది రేపటినుంచే మన చేతిలో ఉన్న పని. రెండోదానికి పోరాటం కావాలి. మొదటిది చేసి రెండోది వదిలితే రచయిత పస్తుంటాడు. రెండోది వచ్చేదాకా మొదటిది ఆపితే పాఠకుడు పస్తుంటాడు.